ముందు తలుపు

పాత తలుపు ఊడదీయడానికి వచ్చిన వడ్రంగి ఉలితో రంగు గీకాడు. తలుపుని గుమ్మానికి బిగించిన మేకులు వరసగా బయటపడ్డాయి.

"ఇవి మా నాన్న కొట్టినవే, పెద్దమ్మా. ఈ బంగళాని అనాథ పిల్లలకి రాసిచ్చిన రోజున దొరసానిగారు దగ్గరుండి కొట్టించారట, పిల్లలు రోడ్డు మీదకి పరిగెత్తకుండా."

"తాళం వేసుందనుకున్నాను, ఇన్నేళ్లూ" అంది ఆయా.

ఆమె పెరిగింది ఇక్కడే. పెంచుకునేవాళ్లు పెరటి గుమ్మంలోంచి వస్తారు, కన్నతల్లయితే ముందు తలుపులోంచే వస్తుందని అప్పటి పిల్లలు చెప్పుకునేవాళ్లు. అది నమ్మి, పెంచుకుంటామన్నవాళ్లను రెండుసార్లు కాదంది. ఇక్కడే ముసలిదైపోయింది. అదే మాట తనూ పిల్లలకి చెబుతూ వచ్చింది.

ఇప్పుడు చిట్టి కోసం ఓ జంట పొద్దుటి నుంచి పెరట్లో కాచుకుని ఉంది. చిట్టేమో ఈ తలుపు దగ్గర్నుంచి కదలనంటోంది.

"లేవే నా తల్లీ, వాళ్లతో వెళ్లు. ఇటునుంచి ఎవరి అమ్మా రాలేదే. నేను చెప్పిందంతా ఉత్తదే."

చిట్టి మేకుల్ని వేలితో తడిమి చూసింది. మొహం వెలిగిపోయింది.

"అందుకా అమ్మ ఇన్నాళ్లూ రాలేకపోయింది! మామయ్యా, తొందరగా పీకెయ్!"

వడ్రంగి ఆయా వంక చూశాడు. పెరట్లో కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.