పన్నెండో గడి

సైనికుల జీపు మలుపు తిరిగేదాకా అక్పెనే వాళ్ళిచ్చిన పాట కాగితం విప్పలేదు.

శనివారం జనరల్ గారి పుట్టినరోజు. విందులో పియానో వాయించాల్సింది ఈసారి జిఫా అని సైనికులు చెప్పి వెళ్ళారు. పాట ఎప్పుడూ ఒకటే. జనరల్ గారికి వచ్చిన పాట కూడా అదొక్కటే. ఆయన వాయించింది ఆదివారం ఆదివారం రేడియోలో వేస్తారు.

నిరుడు వాయించినవాడు కొజో. వాడూ అక్పెనే శిష్యుడే. విందు నుంచి ఇంటికి రాలేదు. వాళ్ళమ్మ ఇప్పటికీ మొక్కజొన్న ముద్ద మూటగట్టుకుని బ్యారక్స్ గేటు దాకా వెళ్ళి, మూటతోనే తిరిగివస్తోంది.

జిఫా అక్పెనేకు మేనకోడలు. చర్చిలో వాయిస్తుంది. కాగితం చూసి నవ్వింది.

"ఇదేనా అత్తా? పియానో పరీక్షల్లో ఐదో గ్రేడు పాట. పద్నాలుగేళ్ళప్పుడే వాయించేశాను."

"అదే నా భయం. ఈ పాట రానివాళ్ళకి ఇది ఐదో గ్రేడే. ముందే వచ్చిన నీకు ఎనిమిది."

అక్పెనే కిటికీలు మూసింది. ఉక్కపోస్తున్నా తెరవనివ్వలేదు. కాగితం మీద నిలువు గీతల మధ్య ఉన్న స్వరాల గడులు ఒక్కొక్కటే చూస్తూ పాటను తూచింది. ఎడమచేతికి పనేమీ లేదు, ఊయల ఊపినట్టు ఊపితే చాలు. రెండో పేజీలో పరుగుంది కానీ వేళ్ళకు అందుతుంది. కష్టమంతా పన్నెండో గడిలో, కుడిచేతి నాలుగో వేలికి.

"అక్కడేముంది, నత్తలా నడుస్తుందిగా," అంది జిఫా.

అక్పెనే వంగి, ఆ వేలు ఎక్కడ పడాలో చెవిలో చెప్పింది. జిఫా నవ్వు ఆగిపోయింది. గుర్తు పెట్టుకోవడానికి పెన్సిల్ అందుకుంది.

"గీత గియ్యకు. ఆ కాగితం వాళ్ళు చూస్తారు."

పియానో మీద పది మొక్కజొన్న గింజలు పెట్టారు. పన్నెండో గడి సరిగ్గా వస్తే ఒక గింజ కుడివైపుకు జరుగుతుంది. ఒక్కసారి వేలు జారితే అన్నీ వెనక్కి. మొదటిరోజు నాలుగు గింజలు దాటలేదు. రెండోరోజు తొమ్మిదో గింజ దగ్గర వేలు జారింది.

"నీ వేలికి నీకున్నంత పొగరుందే," అంది అక్పెనే. తిట్టినట్టే అని, గింజలు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది.

నిరుడు కొజో పక్కన నిలబడి పేజీ తిప్పింది ఆమే. పాటకు తగ్గట్టు మోకాలి మీద ఆడుతున్న జనరల్ గారి వేలు పన్నెండో గడి దగ్గర ఆగిపోవడం చూసింది కూడా ఆమే.

శుక్రవారానికి పది గింజలూ మూడుసార్లు కుడివైపుకు చేరాయి. జిఫా అన్నం ముట్టలేదు. కంచం అంచు మీద నాలుగో వేలితో కొట్టుకుంటూనే ఉంది.

శనివారం హాలంతా బూట్లే. జనరల్ గారు ముందు వరసలో కూర్చున్నారు. అక్పెనే పేజీ తిప్పడానికి నిలబడింది. పదో గడి. పదకొండు. జిఫా మెడ మీద చెమట కారుతోంది.

నాలుగో వేలు చెప్పినచోటే పడింది.

మోకాలి మీది వేలు ఆగలేదు. పాట అయ్యాక జనరల్ గారు చప్పట్లు కొట్టి అతిథుల వైపు తిరిగారు. "నేనూ అచ్చం ఇలాగే వాయిస్తాను," అన్నారు.

ఆ గడిలో కాగితం మీద అచ్చయి ఉన్న స్వరం వేరు. నిరుడు కొజో దాన్నే వాయించాడు.