వైశాలి నోట్స్

ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఎంసీఏ ఎంట్రన్స్ రాసేవాళ్లందరికీ వైశాలి నోట్సే దిక్కు.

ఎవరిదో చేతిరాత. జిరాక్సుకి జిరాక్స్ తీసి ఏళ్ల తరబడి అమ్ముతున్నారు. ఆ వైశాలి ఎవరని 2004 దాకా ఒక్కరూ అడగలేదు. పరీక్షల గోలలో అడిగే తీరిక ఎవరికుంది?

రేపే పరీక్ష. శ్రీవల్లికి పొద్దున్నుంచి ముద్ద దిగడం లేదు. ఇది రెండోసారి. ఈసారీ సీటు రాకపోతే ఒంగోలు వచ్చెయ్యమని నాన్న తెగేసి చెప్పాడు.

జిరాక్స్ షాపులో నోట్స్ బల్ల మీద పెట్టి హాల్ టికెట్ జిరాక్స్ తీయించుకుంటోంది. తల తిప్పేసరికి ఎవరో పెద్దాయన ఆ నోట్స్ తెరిచి గ్రాఫుల మీద తెల్ల ఇంకు పెడుతున్నాడు.

"అయ్యో, అంకుల్! ఏం చేస్తున్నారు?"

"తెలుగమ్మాయివా? ఈ చుక్క ఖాళీగా ఉండాలమ్మా. జిరాక్సులు తీసి తీసి పూడుకుపోయింది."

ఆ ఫంక్షన్‌కి రెండు కన్నా తక్కువకి ఒక గీత, రెండు నుంచి పైకి ఇంకో గీత. గీత మారేచోట నోట్సులో రెండు నల్ల చుక్కలు. అందులో ఒకదాని నడుమ తెల్లగా చేసేశాడు.

"మీరు లెక్కల మాస్టారా?"

"కాదమ్మా. నాకు లెక్కలు రావు."

శ్రీవల్లికి ఒళ్లు మండిపోయింది.

"రానప్పుడు ఎందుకు వేలు పెడతారు? రేపు నా పరీక్ష!"

"అందుకేనమ్మా..."

"దయచేసి వెళ్లండి అంకుల్!"

ఆయన సీసాకి మూత బిగించి సందులోకి నడిచాడు. ఆ తెలుగు గొడవ షాపు భయ్యాకి ముక్క అర్థం కాలేదు.

శ్రీవల్లి గదికొచ్చి, ఆ చుక్కలన్నీ పెన్నుతో మళ్లీ నల్లగా దిద్దుకుంది. ఒక్కటీ వదల్లేదు, పిచ్చిపిల్ల!

మర్నాడు పేపర్లో అవే లెక్కలు, ఒకటి కాదు నాలుగు. కింద ఇచ్చిన గ్రాఫుల్లో గీతలన్నీ ఒకటే, చుక్కలే తేడా. అన్నింటికీ రెండు చుక్కలూ నల్లగా ఉన్నదానికే టిక్కు పెట్టింది.

బయటికొచ్చాక, పక్క సీట్లో రాసిన మహేష్‌ని తన జవాబులు సరేనా అని అడిగింది.

"రెండూ నల్లవా?" అతను ఆశ్చర్యపోయాడు. "ఒక్క అంకెకి రెండు విలువలొస్తే అది ఫంక్షనే కాదుగా!"

శ్రీవల్లికి ఏడుపూ సిగ్గూ కలిసి తన్నుకొచ్చాయి. ఆటో దిగి తిన్నగా జిరాక్స్ షాపుకి పరుగెత్తి హిందీలో అడిగింది.

"భయ్యా, నిన్నటి పెద్దాయన ఏరీ?"

"పొద్దున బండికి ఊరెళ్లిపోయాడు దీదీ. ఏటా పరీక్షల ముందు వచ్చి, షాపు షాపుకీ తిరిగి ఆ చుక్కలు దిద్దేవాడు. ఇక ఓపిక లేదు, రాలేనన్నాడు."

"లెక్కలు రావన్నాడే! ఏ చుక్క ఖాళీయో ఆయనకెలా తెలుసు?"

భయ్యా మెషిన్ ఆపాడు.

"అసలు నోట్‌బుక్ ఆయన దగ్గరే ఉంది దీదీ, వైశాలి పోయాక ఆ తండ్రికి మిగిలింది అదొక్కటే."