ఇంకొక్క రౌండు

డ్రిల్లు మాస్టారు పోయాక దర్జీ ఆవిడ మేడ మీదికి వెళ్లడం మానేసింది. మిషను ముందు వంగి వంగి నడుం పట్టేసిందని ఆమె ఏడుస్తుంటే, నడక అలవాటు చేసింది పక్కవాటాలో ఉండే ఆయనే. "కొంచెం నడిచినా పర్లేదమ్మా, ఎగ్గొట్టకూడదు" అనేవారు. వాన పడితే గొడుగు వేసుకుని మరీ నడిచిన మనిషి.

ఆ రాత్రి కొట్టు కట్టేసి వచ్చి ఆమె నడుం వాల్చిందో లేదో, పైకప్పు మీద చప్పుడు మొదలైంది. కీచు, టప్పు. కీచు, టప్పు. అలా ఎడమ బూటు కీచుమనేది మాస్టారిదొక్కటే.

భయం కంటే ముందు ఆమెకి ముచ్చటేసింది. పోయి కూడా ఎగ్గొట్టలేదే ఈయన! తన బద్ధకానికి తనకే సిగ్గేసి, చెప్పులు తొడుక్కుని మెట్లెక్కింది.

మేడ మీద ఎవరూ లేరు. ఆమె నడక మొదలుపెట్టింది. పక్కనే, ఎప్పటిలాగే అరడుగు ముందు, ఆ కీచుమనే చప్పుడు. నడుం మెల్లగా వదులైంది. చాన్నాళ్లకి ఒళ్లు తేలికపడింది.

"ఇక చాలు మాస్టారూ, కాళ్లు లాగుతున్నాయి" అని నవ్వుతూ మెట్ల వైపు తిరిగింది.

చప్పుడు ఆమెను దాటుకుని వెళ్లి మెట్ల దగ్గర ఆగింది. తలుపు నెమ్మదిగా మూసుకుంది.

"ఇంకొక్క రౌండమ్మా. అంతే."

కింద నుంచి భర్త అన్నానికి పిలుస్తున్నాడు. ఒక్కటే కదా అని ఆమె అడుగు వేసింది. వేశాక గుర్తొచ్చింది. బతికుండగా మాస్టారు ఏనాడూ ఒక్క రౌండుతో వదిలిపెట్టలేదు.