శాలువా కింద చేయి

“ఆ పిల్ల చూపేంటమ్మా అలా ఉంది? ఎవరినో నిలదీస్తున్నట్టు!” అంది అత్తగారు, కోడలి భుజం మీదుగా వంగి.

కోడలిది పాత చిత్రాలు బాగుచేసే పని. అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిన ఆ పందొమ్మిదో శతాబ్దపు బొమ్మను బల్ల మీద పరిచి, పొగచూరిన పొరను దూదితో తీస్తోంది. బొమ్మలో పన్నెండేళ్ళ పిల్ల. ఒక చేతిని పూర్తిగా నల్ల శాలువా కప్పేసింది. ఆ నలుపు మీదే పిల్ల తండ్రి సంతకం. ఆయన అప్పట్లో పేరుమోసిన చిత్రకారుడు.

“కదలకుండా కూర్చోమని గదిమి ఉంటారు. విసుగు రాదూ?” కోడలు నవ్వింది. “చేయెందుకు కప్పారు అత్తయ్యా?”

“చిన్నప్పుడు నిప్పుల్లో పడి కాలిందట. లోకం నవ్వకూడదని శాలువా కప్పి గీశాడట. తండ్రంటే అలా ఉండాలనేది మా నాయనమ్మ. ఆయన విద్య కొడుకులకి అబ్బింది, మనవళ్ళకి అబ్బింది. ఆడపిల్లలకే ఒక్కరికీ అబ్బలేదు.”

“మీకు కూడానా?”

“గోడల నిండా బొగ్గుతో గీసేదాన్ని. మా నాన్న బొగ్గు లాక్కుని, చేతి మీద ఒక్కటిచ్చాడు. దాంతో సరి.”

కోడలు భూతద్దం అందుకుని శాలువా అంచును చాలాసేపు చూసింది.

“అత్తయ్యా, ఈ శాలువా మొదట లేదు. బొమ్మ ఆరిపోయాక ఎప్పుడో పూశారు. కింద చేయి గీసే ఉంది.”

“కాలిన చేయేనా?”

“నలుపు తీస్తేగానీ తెలియదు. తీస్తే సంతకం కూడా పోతుంది.”

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ సంతకాన్ని చూసుకునే పుట్టింట్లో అందరూ మీసం మెలేసేవారు. అది పోతే అన్నదమ్ములకి ఏ ముఖం చూపించాలి? అయినా కింద చేయి ఉందని తెలిసీ ఊరుకోవడానికి ప్రాణం ఒప్పడం లేదు.

“అమ్మ ఈ బొమ్మని నాకే ఇచ్చింది. తీసెయ్.”

కోడలు సంతకాన్ని ఫొటో తీసుకుని, దూది తడిపింది. నలుపు కొద్దికొద్దిగా వదిలింది. ముందు మణికట్టు, తర్వాత అరచేయి. కాలిన మచ్చ ఎక్కడా లేదు.

“మరి దేన్ని దాచినట్టు తల్లీ?” అత్తగారు లేచి బల్ల మీదికి వంగింది.

కోడలు చివరి పొర తుడిచింది.

కుంచె పట్టుకుని, ఆ పిల్ల తన బొమ్మ తానే గీసుకుంటోంది.