భుజం ఎత్తు

“ఆ ముసలాయన నాకు కన్ను కొట్టాడు సార్.”

మేనేజరు టీ కప్పు కింద పెట్టాడు. “ఎవరు, మన టికెట్ తాతా?”

“ఆయనే. ఒకసారి కాదు, ఇవాళ మూడుసార్లు. పోయిన బుధవారం కూడా అంతే. కంట్లో నలక పడిందేమోలే అని ఊరుకున్నాను.”

చెబుతుంటే ఆమె గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

అదొక బొమ్మల హాలు. గోడల నిండా బొమ్మలు, నేల మీద కూడా బొమ్మలే. పాదాల గుర్తులున్న చోట నిలబడి ఫోన్లో ఫోటో తీస్తే, ఒట్టి గోడ కాస్తా లోతైన లోయ అయిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషి అందులో తాడు పట్టుకుని వేలాడుతూ కనిపిస్తాడు. జనానికి అదేం సరదానో, టికెట్ కొనుక్కుని మరీ లోయలో పడతారు.

వాళ్లని సరిగ్గా నిలబెట్టి ఫోటో తీసిపెట్టడం ఆమె ఉద్యోగం. అందరూ ‘ఫోటోల అమ్మాయి’ అనేవారు. పేరు అడిగినవాళ్లు లేరు.

పొద్దంతా “నవ్వండి, నవ్వండి” అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పడం, గదికి వెళ్లాక ఎవరితోనూ మాట లేకుండా పడుకోవడం. ఆ ఊరొచ్చి ఏడాదైంది. గదిలో రెండో గ్లాసు అవసరం ఇంతవరకూ పడలేదు.

అలాంటిది, “తిన్నావా అమ్మా?” అని అడిగే ఒకే ఒక్క ప్రాణి ఆ తాత.

ప్రతి బుధవారం వచ్చేవాడు. అందరితోపాటు వరసలో నిలబడి వారం వారం టికెట్ కొంటాడని హాల్లో వాళ్లు ‘టికెట్ తాత’ అనేవారు. చేతిలో ఫోనుండదు, వెంట మనిషి ఉండడు.

“ఫోటో తీయించుకోకపోతే ఇక్కడ చూసేదేముంది తాతగారూ?” అని ఆమె ఒకసారి అడిగింది.

“జనం మొహాలు చూస్తానమ్మా. ఆ లోయ దగ్గరికి రాగానే ఎంత పెద్దవాళ్లయినా చంటిపిల్లలైపోతారు. ఇంతకీ నీ ఫోటో ఏదీ?”

“బాగుంది, తీసేది నేనైతే నన్నెవరు తీస్తారు? పైగా ఇక్కడున్నవన్నీ ఇద్దరేసి నిలబడాల్సిన బొమ్మలు. ఒక్కదాన్నే నిలబడితే వెర్రిదానిలా ఉంటాను.”

ఆమె నవ్వుతూనే అంది. తాత నవ్వలేదు.

“నిజమే. ఒక్కరు వస్తే ఎలా అని ఎవరూ అనుకోలేదు,” అన్నాడు. చివరనున్న ఖాళీ గోడ వైపు నడిచాడు.

మరుసటి బుధవారమే, ఎవరినో నిలబెడుతూ ఆమె తలెత్తేసరికి, దూరం నుంచి ఆయన తననే చూస్తూ ఒక కన్ను మూశాడు.

ఆ తర్వాతి బుధవారం మూడుసార్లు అదే పని చేసేసరికి, అందరూ ఒకటే, ఈయనా అంతే అనుకుంది. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది.

మేనేజరు ఆ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాడు. హాలుకు చెడ్డపేరు వస్తే తన మెడకు చుట్టుకుంటుందని భయం. తాతను హాలు మధ్యలో, జనం ముందే నిలబెట్టి అడిగాడు.

“ఏం పెద్దాయనా, ఈ అమ్మాయిని చూసి ఒక కన్ను మూశారా లేదా?”

తాత ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగిపోయాడు.

“మూశాను బాబూ.”

“ఈ వయసులో ఇదేం బుద్ధి? ఇంకోసారి గుమ్మం తొక్కొద్దు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. తాత తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

పీడ వదిలింది అనుకుంది గానీ, తర్వాతి బుధవారం భోజనం వేళకు డబ్బా తెరిచి సగం తిని మూసేసింది. ఇంకా ఆ పలకరింపు కోసమే చెవి కాచుకుని ఉన్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

నెల తిరిగాక ఒక పెయింటరు వచ్చాడు. నడివయసు మనిషి. చంకలో కాగితపు చుట్ట, చేతిలో కొలతల టేపు.

“చివర్లో ఖాళీగా ఉన్న గోడకి బొమ్మ వేయాలండీ. యజమానిగారికి చెప్పే వచ్చాను,” అంటూ కాగితం నేల మీద పరిచాడు.

పెన్సిలు బొమ్మ. ఒకావిడ గోడకు ఆనుకుని నవ్వుతోంది. ఒక చెయ్యి పక్కకి చాపి ఉంది. చేతి కింద ఎవరూ లేరు.

“ఆ చేతి కింద నిలబడితే, అక్క భుజమ్మీద చెయ్యేసినట్టు ఫోటో వస్తుంది. ఒక్కరే వచ్చేవాళ్ల కోసమట.”

“మీరే గీశారా?”

“అంత చెయ్యి నాకెక్కడిదండీ? మా గురువుగారిది. ఈ హాల్లో గోడలన్నీ ఆయన వేసినవే. మొన్న బ్రష్షులన్నీ నాకిచ్చేసి ఊరొదిలి వెళ్లిపోయారు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఈ గోడ మాత్రం ఆపొద్దన్నారు.”

అతను నాలుగడుగులు వెనక్కి వేసి, గోడ వైపు చూస్తూ ఒక కన్ను మూశాడు.

ఆమె చటుక్కున అడిగింది, “కన్నెందుకు మూశారు?”

“కెమెరాకి ఉండేది ఒకటే కన్ను కదండీ. రెండు కళ్లతో చూస్తే ఇదంతా ఒట్టి గోడే. మా పనిలో కొలత చూసేది ఇలాగే.”

ఆమె కూడా ఒక కన్ను మూసి ఆ గోడ వైపు చూసింది.

అతను అదేమీ గమనించకుండా టేపు లాగాడు. “అన్నీ రాసిచ్చారు గానీ, ఈ చెయ్యి ఎంత ఎత్తులో ఉండాలో రాయలేదండీ. రెండు బుధవారాలు టికెట్ కొనుక్కుని వచ్చి చూసినా, కొలత తేలకముందే వెళ్లిపోవాల్సి వచ్చిందట. ఇక్కడ ఫోటోలు తీసే అమ్మాయి భుజానికి సరిగ్గా అందేలా గీయమన్నారు, ఆ అమ్మాయి ఎవరండీ?”