అక్షరాలు పీకిన కారు

లోపల తోడల్లుడి గురక. బయట హెయిర్ డ్రయ్యరు రొద. రెండూ పోటీ పడుతున్నంతసేపూ ఫరవాలేదని చిన్నల్లుడి ధైర్యం.

వంటింటి కిటికీలోంచి వైరు లాక్కొచ్చి, కారు వెనక గొంతుక్కూర్చున్నాడు. డిక్కీ మీద అతికించిన తళతళలాడే అక్షరాలకి వేడిగాలి పట్టిస్తున్నాడు. జిగురు మెత్తబడగానే నైలాను దారం వాటి వెనక్కి దూర్చి, అటూ ఇటూ రంపంలా లాగాలి. రంగు మీద గీత పడకుండా ఊడి రావాలి.

భార్య పక్కనే నూనెగిన్నె, పాత బనీను గుడ్డ పట్టుకుని నిలబడింది. ముఖం మాత్రం ఆముదం తాగినట్టు పెట్టింది.

"అక్కా బావా లేస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"లేవరు. మీ బావకి మూడోసారి కూడా వడ్డించమంది ఎందుకనుకున్నావ్?"

"గీత పడిందంటే?"

"పడదులే. నువ్వు నూనె ఇలా తే."

వాకిట్లో ఉన్నవి రెండే కార్లు. ఈమధ్యే పాతవి మార్చి కొన్నారు. రెండూ ఒకే కంపెనీ, ఒకే బూడిద రంగు, ఒకే ఆకారం. తేడా అంతా వెనక అక్షరాల్లోనే ఉంది. తోడల్లుడిది పై రకం. అందులో లేనిది లేదు. చిన్నల్లుడిది కింది రకం. చక్రాలున్నాయి, స్టీరింగుంది, మిగతాదంతా దేవుడి దయ.

సాయంత్రం మామగారు వస్తున్నారు. ఆయన హెడ్మాస్టరుగా చేసిన బళ్ళో పాత విద్యార్థులంతా కలిసి ఆయనకోసం సభ పెట్టారు. అక్కడికి ఆయన్ని కారులో తీసుకెళ్ళాలి. ఎవరి కారులో అన్నదే చిన్నల్లుడికి వారం నుంచి కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

పెళ్ళయినప్పటినుంచీ ఎక్కడికి బయల్దేరినా మామగారు కూర్చునేది పెద్దల్లుడి పక్క సీట్లోనే. చిన్నల్లుడి కారు ఎక్కేవి సూట్‌కేసులు, మంచినీళ్ళ డబ్బాలు, మలుపు మలుపుకీ వాంతి చేసుకునే పినత్తగారు. మామగారి చేతికర్రకి కూడా ఆ కారులోనే చోటు. ఇవాళ అంతమంది ఎదుట ఆయనకి తలుపు తీసేవాడు అల్లుడు, సామానుతో వెనక వచ్చేవాడు డ్రైవరు. అది తలుచుకుంటే అతనికి ఏడుపొస్తోంది. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఒకసారి నిజంగానే ఏడ్చాడు.

"అసలు నాన్నకి ఈ అక్షరాలు అర్థమై చస్తేగా!" అంది భార్య.

"కావు. కానీ మీ బావ ఊరుకుంటాడా? ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి మరీ పాఠం చెప్తాడు. ఇది పై రకమండీ, అది కింది రకమండీ అని."

"చెప్పనీండి. ఉన్నమాటేగా?"

"అందుకే లేకుండా చేస్తున్నా."

"మా నాన్న సంగతి మీకింకా తెలియదు."

"తెలుసు," అన్నాడు దారం లాగుతూ. మొదటి అక్షరం పాలపన్నులా ఊడి చేతిలో పడింది.

పక్కింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. "కారుకి జలుబా?"

"అవునండీ. ఆవిరి పడుతున్నాను."

"మాది కూడా పొద్దున్నుంచీ ఒకటే తుమ్ములు. మీదయ్యాక ఆ మిషను ఓసారి ఇస్తారా?"

"అలాగేనండీ."

ఆయన తృప్తిగా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆఖరి అక్షరం మొండికేసింది. సరిగ్గా అప్పుడే లోపల గురక ఆగింది. చిన్నల్లుడు డ్రయ్యరు కట్టేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కారు చాటున కూలబడ్డారు. మంచం కిర్రుమంది. తోడల్లుడు అటు ఒత్తిగిల్లినట్టున్నాడు, కాసేపటికి గురక మళ్ళీ అందుకుంది. ఆఖరి అక్షరం కూడా ఊడింది. నూనె రాసి, గుడ్డతో తుడిచేసరికి కారు వెనక భాగం గుండు కొట్టించినట్టు నున్నగా అయింది.

అక్షరాలన్నీ రుమాల్లో మూటకట్టి జేబులో వేసుకుంటుండగా గేటు చప్పుడైంది. మామగారు. చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు.

ఆయన తిన్నగా ఇంట్లోకి రాలేదు. హోంవర్కు దిద్దేవాడిలా రెండు కార్ల వెనకా నడిచారు. నున్నటిదాని దగ్గర ఆగి, వేలితో రుద్ది, వాసన చూసుకున్నారు.

"ఇక్కడేవో అక్షరాలుండాలే!"

"ఉండేవండీ," అన్నాడు చిన్నల్లుడు నేలచూపులు చూస్తూ.

"పీకేశారన్నమాట." మామగారు పగలబడి నవ్వారు. "నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూళ్ళేదూ! వంద మార్కులొచ్చినవాడు ప్రోగ్రెస్ కార్డు ఊరంతా తిప్పుతాడు. దాచేది తప్పినవాడే. ఏ అక్షరాలు గొప్పవో నాకు తెలియదు గానీ, పీకేసిందంటే మాత్రం కింది రకమే!"

చిన్నల్లుడి తల ఇంకా కిందికి వాలింది. భార్య గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఎవరిదని అడగనులే," అన్నారు మామగారు జాలిగా. "అడిగితే పాపం, సిగ్గుపడతాడు. కానీ అంత సభకి ఈ బోడి బండిలో వెళ్తే పిల్లల ముందు నా పరువేం కాను? ఊఁ, పదండి పదండి, వేళవుతోంది."

చేతికర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి, రెండో కారు ముందు తలుపు దగ్గర నిలబడ్డారు.

చిన్నల్లుడు దించిన తల ఎత్తకుండానే జేబులోంచి తాళంచెవి తీసి, ఆయనకి మర్యాదగా తలుపు తెరిచి, అటువైపు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, ఒక్క అక్షరం కూడా ఊడని తన కింది రకం బండి స్టార్టు చేశాడు.