పాప తినేసిన పచ్చ పొట్లం

"అక్కా, మీ పాప పచ్చ పొట్లం తినేస్తోంది! ఇక నీ ప్రోగ్రాం నడిచినట్టే!" అన్నాడు పక్క కుర్చీలోని బోషున్.

యంత్రాలు మాట వినాలని తైవాన్‌లో, మా తైనాన్ ఊళ్లో ప్రతి కంప్యూటర్ మీదా పెట్టే చిరుతిండి అది.

పాప నా ఒళ్లో కూర్చుని కరకరలాడిస్తోంది. ఈ పూట నా ప్రోగ్రాం కంపైల్ అయి నడవకపోతే శిక్షణలో నా పేరు కొట్టేస్తారు. తెర మీదేమో ఎర్ర అక్షరాలు: డేటాబేస్ తెరిచే ఫంక్షన్ దొరకలేదట.

"యంత్రం అలిగింది. దండం పెట్టు," అన్నాడు బోషున్.

"పాప ఏడ్చినా మా అత్త దేవుడు అలిగాడనే అంటుంది. తీరా చూస్తే ఆకలి!"

అనేశాక, ఆ అక్షరాలను మొదటిసారి నిదానంగా చదివాను. ప్రోగ్రాం పైన ఆ ఫంక్షన్ ఉండే లైబ్రరీ పేరు రాశానే గాని, కంపైల్ చేసేటప్పుడు లైబ్రరీని కలపలేదు. కలిపాను. ఎరుపు మాయమైంది.

బోషున్ తన తెర నావైపు తిప్పాడు. కంప్యూటర్ పైన విప్పని పొట్లం, తెరలో అవే ఎర్ర అక్షరాలు.

"అక్కా, పాపకి ఇంకా ఆకలేస్తోందా?"